నూటికి ఒక వంతు వెలుగు

తప్పు ఊరిదే. సర్పంచ్ వెంకటేష్‌ది మొదటి తప్పు. వాడి వెనకాల నిలబడి తలకాయలూపిన ప్రతి మగాడిదీ రెండో తప్పు. చీకటి అడిగినవాడల్లా హంతకుడేనని మీకెవరు చెప్పారు?

ఆ మనిషి ఆళ్లగడ్డ బస్సు దిగేసరికి సాయంత్రం ఆరు దాటింది. అరవై పైబడిన వయసు. భుజాన పొడుగాటి గొట్టం సంచి, చేతిలో మూడు కాళ్ల స్టాండు. నేరుగా పాలకేంద్రం దగ్గరికొచ్చి సర్పంచ్ ఎవరని అడిగాడు.

"నేనే. ఏం కావాల పెద్దాయనా?"

"నా పేరు జయరాజు. నంద్యాల నుంచి వచ్చినా. ఆ హైమాస్ట్ లైటు రెండు గంటల సేపు ఆర్పిస్తావా నాయనా? ఏడు నుంచి తొమ్మిది దాకా."

పాలు పోయడానికొచ్చినవాళ్లు క్యాన్లు కింద పెట్టారు.

ఆ ఊళ్లో ఆ మాట ఎవరూ అడగరు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఇదే చోట, ఊరంతా కరెంటు తీసేసి, వెంకటేష్ నాయనను నరికారు. ఆ తర్వాత ఇంటి మీదికి వచ్చారు. తలుపు సగం విరిగాక ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. మొహాలు బయటపడతాయని వాళ్లు పారిపోయారు.

ఇప్పుడు ఆ లైటు స్తంభం మీద ఉన్నది ఆ నాయన పేరే. పొద్దు గూకితే వెలగాలి, తెల్లారితేనే ఆరాలి. ఊరి కట్టుబాటు అది.

"ఎందుకు ఆర్పాల?" వెంకటేష్ గొంతు మారింది.

"నల్లమల పైన ఒక చిన్న ఎర్ర చుక్క ఉండాది. ఉత్త కంటికి ఆనదు. దాని చుట్టూ మన భూమంత లోకం ఒకటి తిరుగుతాందని అనుమానం. అది అడ్డమొచ్చినప్పుడు చుక్క వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతాది. ఆ తగ్గేది నేను కొలవాల. నాలుగు దేశాల్లో మాలాంటోళ్లు చూస్తాండారు. ఈ పొద్దు మిగతా చోట్ల పగలో, మబ్బో. చూడగలిగింది నేనొక్కన్నే."

"నంద్యాల్లో చూడగూడదా?"

"ఆడ అన్నీ లైట్లే కదప్పా. ఈడ ఇదొక్కటే, కానీ చేన్లలోకి పోయినా దీని వెలుగే."

వెంకటేష్ చిన్నాన్న కొడుకు ప్రవీణ్ ముందుకొచ్చాడు. "ఆ లోకంలో నీళ్లుంటాయా తాతా?"

"ఉండొచ్చు."

"అయితే ఆడ గూడా కాలవకాడ కొట్లాటే. సర్పంచ్ ఎవరో కనుక్కో!"

అందరూ నవ్వారు. వెంకటేష్ నవ్వలేదు. వాడు ముసలాయన ఎడమ చేతినే చూస్తున్నాడు.

రెండు వేళ్లు లేవు.

నాటుబాంబులు చుట్టే చేతులు అట్లాగే ఉంటాయి. ఆ పక్క ఎవరికైనా తెలుసు.

"చెయ్యేమైంది?"

"పాత దెబ్బ. ఇప్పుడెందుకులే."

"మా ఊరికి ఇంతకుముందు వచ్చినావా?"

"వచ్చినా. శానా ఏండ్లాయె."

"ఎవరింటికి?"

జయరాజు గుంపు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ప్రవీణ్ సంచి లాక్కొని, అందులోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. రెండు పేజీలు తిప్పి వెంకటేష్ ముందుకు చాచాడు.

"అన్నా, అన్నీ తేదీలు, టైములే! ‘ఏడు పదికి మొదలు. ఎనిమిది యాభైకి అయిపోతుంది.’ నువ్వు దినామూ ఈడినుంచి ఇంటికి పొయ్యేది ఏడు పదికే కదన్నా!"

వెంకటేష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"కట్టేయండ్రా."

లైటు స్తంభానికే కట్టేశారు. గొట్టం సంచి పాలకేంద్రంలో పెట్టి తాళం వేశారు. పోలీసులకు ఫోన్ కొడితే, వచ్చేసరికి తొమ్మిది దాటుతుందన్నారు.

ఏడూ పది.

"నాయనా, మొదలైతాంది," అన్నాడు జయరాజు. "నా కట్లు విప్పొద్దు. ఇట్లే ఉండనీ. లైటు ఆర్పి, ఆ టెలిస్కోపు ఎట్లా తిప్పాల్నో చెప్తా, నువ్వే తిప్పు. చాలు."

"నోరు మూసుకో!"

ఏడున్నర. ఎనిమిది. లైటు చుట్టూ పురుగులు ముసిరాయి. ముసలాయన తల ఎత్తితే తెల్లటి మంట తప్ప ఏమీ లేదు.

"మూడేండ్లు ఎదురుచూసినా నాయనా. ప్రతిసారీ మబ్బో, పగలో అడ్డమొచ్చె. నూటికి ఒక వంతే. ఈ లైటు కింద అది దొరకదు."

ఎవరూ కదల్లేదు.

ఎనిమిదీ యాభైకి ఆయన కళ్లు మూసుకున్నాడు.

"పాయె. మళ్లీ పద్దెనిమిది దినాలకు."

తొమ్మిదికి నంద్యాల బస్సు ఆగింది. వెంకటేష్ తల్లి వెంకటలక్ష్మమ్మ మందుల సంచితో దిగింది.

"ఏందిరా ఈ గుంపు? ఎవర్ని కట్టినారు?"

"నన్ను చంపేదానికొచ్చినాడమ్మా. చెయ్యి చూడు, బాంబులోడు."

ఆమె దగ్గరికి పోయింది. మొహం చూసి గుర్తుపట్టలేదు. చెయ్యి చూసింది.

సంచి జారి కింద పడింది. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అన్నా..."

"బాగుండావా తల్లీ?" అన్నాడు జయరాజు. "బిడ్డ పెద్దోడైనాడే."

ఆమె ముడి విప్పుతూ కొడుకు వైపు తిరిగింది.

"ఆ పొద్దు కరెంటు దానంతటదే వచ్చిందని నీకు చెప్పినా. అబద్ధంరా. నిజం చెప్తే మీ నాయన్ను నరికినోళ్లు ఈయన్నను బతకనియ్యరని ఇన్నేండ్లూ నోరు కట్టుకున్యా. ఆ పొద్దు నువ్వు నా కడుపులో ఉంటివి."

వెంకటేష్ తల ఎత్తి లైటు వైపు చూశాడు.

"పద్దెనిమిది దినాలూ ఈయన్న మనింట్లోనే ఉంటాడు. నువ్వు పో, ముందు నీ చేత్తో ఆ లైటు ఆర్పు. ట్రాన్స్‌ఫార్మర్‌కాడ వాళ్లు వేళ్లు నరుకుతాన్నా ఫ్యూజు పెట్టి, మనింట్లో లైటు ఎలిగిచ్చిన లైన్‌మన్ ఈయనేరా."