మధ్యాహ్నం కనిపించే ఫోల్డరు

“మధ్యాహ్నం నా కళ్లతో చూశానంటే వినరేం?” అంది అత్తగారు.

“చూస్తే ఇప్పుడూ ఉండాలిగా? ఇంట్లో అందరం వాడే డ్రైవ్‌లో నీ కుట్టు డిజైన్ ఒక్కటీ లేదు.” మామగారు లాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు. “అందుకే డాక్టరుకి చూపించుకోమంటున్నా. మతిమరుపుని మొదట్లోనే పట్టుకోవాలి.”

ఈ మధ్య అత్తగారికే తన మీద నమ్మకం సడలుతోంది.

“ఇలా ఇవ్వండత్తయ్యా.” ఆఫీసులో లినక్స్ సర్వర్లు చూసుకునే కోడలు లాప్‌టాప్ అందుకుంది. డ్రైవ్‌ని విడదీసి, అదే ఫోల్డరు మళ్లీ తెరిచింది. జాకెట్లు, గౌన్లు, పిల్లల చొక్కాలు బారులు తీరి కనిపించాయి.

“డ్రైవ్ కలవనప్పుడు దాచినవి ఈ లాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. కలిశాక అది వీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. కిందవి కనబడవు.”

“మధ్యాహ్నమే ఎందుకు కలవదు?” అన్నాడు కొడుకు.

“ఆ వేళకి పడగ్గదిలో ఉన్న డ్రైవ్ పెట్టెని ఎవరో ఆపేస్తున్నారు.”

మామగారు గొంతు సవరించుకున్నారు. “గుర్రుమంటుంది. నాకు నిద్ర పట్టొద్దూ?”

“మీ గురక కంటేనా నాన్నా?”

కోడలు డిజైన్లను పక్కకి తీసి, డ్రైవ్ మళ్లీ కలిపి అందులోకి ఎక్కించబోయింది. అనుమతి లేదని వచ్చింది. “ఇందులో దాచే హక్కు మావయ్యగారొక్కరికే ఉంది.”

“మతిమరుపు మనిషి, ఏదైనా చెరిపేస్తుందేమోనని…”

అత్తగారు కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. “ఆ హక్కేదో నాకూ ఇవ్వమ్మా,” అంది కోడలితో.

తర్వాత గొంతు పెంచకుండానే అందరికీ చెప్పింది.

“డాక్టరు దగ్గరికి నేను వెళ్లడం లేదు. రేపటి నుంచి ఆ పెట్టె ఆగదు. మధ్యాహ్నం పూట మీ నాన్న హాల్లో పడుకుంటారు.”