మేడమ్ గారి నియోజకవర్గం

"కనెక్షన్ మళ్ల కట్టయింది మేడమ్!" అంది స్రవ్య.

హైమవతికి ఒళ్లు మండిపోయింది. తన దగ్గర పొలిటికల్ సైన్స్ చదివే డిగ్రీ పిల్లలిద్దరిని వెంటబెట్టుకుని పాతబస్తీలోని యాకుత్‌పురా ఇంటర్నెట్ సెంటర్‌కొచ్చి గంటయింది. ఎన్నికల సైటు తెరుచుకోనే లేదు.

"పోనియ్యిండ్రి మేడమ్. మేము ఇంట్ల బాపు చెప్పినోళ్లకే ఏస్తం," అంది లాస్య విసుగ్గా.

"అనడానికి సిగ్గుండాలి! ఎవరు నిలబడ్డారో, వాళ్ల మీద కేసులేమున్నాయో చూసుకోకుండా ఓటేస్తారా?"

అంతలో పేజీ తెరుచుకుంది. ఏ నియోజకవర్గమో ఎంచుకోమంది. మళ్లీ ఎక్కడ ఆగిపోతుందోనని హైమవతి గబగబా నొక్కేసింది. అభ్యర్థుల పేర్లు ఒక్కొక్కటే దిగసాగాయి.

"ఏంది మేడమ్, కాకినాడ కొట్టిన్రు?" అంది లాస్య.

మౌస్ మీద హైమవతి చెయ్యి ఆగిపోయింది.

"మా ఓటు అక్కడే ఉందమ్మా."

"ఈడికొచ్చి ఇరవై ఏండ్లాయె అంటిరి గద! ఓటుకు గంత దూరం పోతరా?" స్రవ్య నిజంగానే ఆశ్చర్యపోయింది.

"వెళ్దామనే అనుకుంటాను... ప్రతిసారీ."

హైమవతి లేచి, లాస్య కోసం కుర్చీ వెనక్కి జరిపింది.

"ఇక్కడిది కొట్టమ్మా. ఎవరు నిలబడ్డారో నాకూ తెలియదు."