పంటి మీద గాడి

"ఇంకాస్త నోరు తెరవండి బాబాయిగారూ," అంది పళ్ల డాక్టరమ్మ.

కుర్చీలో వెనక్కి వాలిన ముసలి టైలరు బుద్ధిగా నోరు తెరిచాడు. ఇదే అదనని పక్కనున్న భార్య అందుకుంది.

"నేను పోరగా పోరగా నిన్ననే మిషను అమ్మేశారమ్మా. ఇక కాలు మీద కాలేసుకుని హాయిగా కూర్చుంటారు."

పుచ్చిన దవడపన్ను నింపడం అయ్యాక డాక్టరమ్మ ముందుపన్ను దగ్గర ఆగింది. "ఇదేంటి, ఇక్కడ గాడి పడింది?"

"దారం కొరికీ కొరికీ అరిగిపోయింది. పనిలో పనిగా అదీ పూడ్చెయ్ తల్లీ. ఇక దాంతో పనేముంది?" అంది భార్య.

టైలరు టక్కున నోరు మూసేశాడు.

"పూడ్చేస్తే దారం ఎలా కొరకను?"

"మిషను అమ్మేశారుగా!"

"మిషను అమ్మాను. పన్ను అమ్మలేదుగా!"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. అతను మాత్రం నవ్వలేదు. ఆమె తెల్లకోటుకి వేలాడుతున్న గుండీనే చూస్తున్నాడు.

"అమ్మా, ఆ కోటు ఒక్కసారి ఇలా ఇస్తావా?"

ఇక ఇంటావిడ విరుచుకుపడుతుందని భయపడుతూ పక్కకి తిరిగాడు.

ఆవిడ సూది అందించింది. అందులో తెల్లదారం అప్పటికే ఎక్కించి ఉంది.

"కానివ్వండి. లోపలికొచ్చిన దగ్గర్నుంచి నేనూ ఆ గుండీనే చూస్తున్నా."