లేబుల్ మీద లేని పేరు

"వినక్కర్లేదు వదినా. అది మన ఎల్వుడ్ వాయించిందే," అన్నాడు ఒకప్పుడు ఎల్వుడ్‌తో పాటు ఒకే బ్యాండులో శాక్సొఫోన్ వాయించిన హోబర్ట్.

కంపెనీ మనిషి కలం తీశాడు. 1938లో ఆ కాన్సస్ సిటీ బ్యాండు ఇచ్చిన రికార్డును కంపెనీ వాళ్ళు మళ్ళీ విడుదల చేస్తున్నారు. అందులో శాక్సొఫోన్ ఒంటరిగా పలికే అర నిమిషం ఎవరిదో పాత లేబుల్ మీద లేదు. ఎల్వుడ్ పోయి నాలుగు నెలలైంది. అతను వాయించింది ఇంకే రికార్డులోనూ లేదు.

"ఆయన పేరే రాసేయనా అమ్మా?"

"ముందు రికార్డు పెట్టండి," అంది ఎల్వుడ్ భార్య ఐడెల్లా.

రికార్డులో శాక్సొఫోన్ మొదలైంది. ఐడెల్లా హోబర్ట్ ముఖమే చూస్తోంది. ఉన్నట్టుండి అతను పళ్ళు బిగించాడు. ఆ తర్వాత గాని రికార్డులో స్వరం కీచుమనలేదు.

"ఇది విని నలభై ఏళ్ళయిందన్నావు. తప్పొస్తుందని ముందే ఎలా తెలిసిందయ్యా?"

హోబర్ట్ చెయ్యి చాచి రికార్డు ఆపేశాడు.

"ఎవడి తప్పు వాడికే గుర్తుంటుంది. ఆ రోజు ఆయన తాగి పడుంటే నువ్వు వాయించావా?"

"వాడిదంటూ ఇంకేం మిగల్లేదు వదినా. ఈ అర నిమిషమైనా ఉండనీ."

ఐడెల్లా కంపెనీ మనిషి వైపు తిరిగింది.

"హోబర్ట్ టిబ్స్ అని రాయండి. మా ఆయనకి తాగుడుండేది గానీ, దొంగతనం లేదు."