ముందు బండి

"దారి తెలుసా, తెలీదా? ఒక్క మాటలో చెప్పు."

మూడు డొంకలు కలిసేచోట బులెట్ ఆపి అడిగాడు సాయిగణేష్. వాడి వెనక మరో ఆరు బులెట్లు ఆగి డుగుడుగుమంటున్నాయి.

"తెలీకుండానే ముందు బండి తోలుతున్నానా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

తెలీదు. పర్చూరు రోడ్డు అందరూ పోయేదేననీ, చిలకలూరిపేట దాటాక పొలాల్లోంచి తీసుకెళ్లి చీరాల సముద్రం చూపిస్తాననీ గుంటూరులో కోతలు కోసి బయల్దేరాడు. రెండు మలుపులు తిరిగేసరికి దారి పోయింది. ఇప్పుడు ఎటు చూసినా పత్తి చేలు, ఎర్రగా ఆరబోసిన మిరప కల్లాలు. జేబులో సెల్లుంది, సిగ్నల్ లేదు.

"పోనీ, ఆ పంపుసెట్టు దగ్గరున్నాయన్ని అడుగు" అన్నాడు సాయిగణేష్ ఆశగా.

ఆశ ఎందుకంటే, వాళ్ల క్లబ్బులో ఒక కట్టుబాటుంది. ముందు బండివాడు ఎవర్నీ దారి అడగకూడదు. అడిగాడా, అక్కడికక్కడే తోకకి పోవాలి. 'కెప్టెన్' అని వీపు మీద రాసిన తోలు జాకెట్ విప్పి వెనకవాడికి ఇచ్చెయ్యాలి. వెనకవాడు సాయిగణేష్. ఆ జాకెట్ కోసం ప్రేమ్‌చంద్ మార్చి ఎండలో ఉడికి చస్తున్నాడు గానీ గుండీ కూడా విప్పలేదు.

అప్పుడే ఎడమ డొంకలోంచి ఒక టీవీయస్ బండి వచ్చింది. ముందొకటి, వెనకొకటి మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు. మధ్యలో తలపాగా చుట్టుకున్న బక్క మనిషి. వీళ్లని చూసి ఉలిక్కిపడి, కుడి డొంకలోకి తిప్పాడు.

ప్రేమ్‌చంద్‌కి ఆలోచన వచ్చింది. ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి నష్టమే జరిగింది. అయినా వచ్చింది. అంత సరుకు వేసుకుపోయేవాడు ఎక్కడో ఒకచోట తారు రోడ్డు ఎక్కక మానడు. వాడి వెనక పోతే చాలు. నోరు తెరిచి అడగక్కర్లేదు.

"పదండి!" అని కుడివైపు చెయ్యి చూపించాడు.

బయల్దేరారు. టీవీయస్ ముందు, ఎనిమిది బులెట్లు వెనక.

"అన్నా, టీవీయస్ వెనక బులెట్ తోలడమేంటి? దాటెయ్!" అని అరిచాడు సాయిగణేష్.

"దీన్ని క్రూజింగ్ అంటారు. నేర్చుకో!"

బక్క మనిషి వెనక్కి చూశాడు. ఎనిమిది నల్ల హెల్మెట్లు. వేగం పెంచాడు. వీళ్లూ పెంచారు. కాలవ గట్టెక్కాడు. ఎక్కారు. గట్టు దిగి పత్తి చేల మధ్యకి తిప్పాడు. తిప్పారు. టిక్కీల్లోంచి లేచిన ఘాటు సరాసరి ప్రేమ్‌చంద్ మొహానికి కొట్టింది. తుమ్మాడు. సాయిగణేష్ తుమ్మాడు. తుమ్ము అలా బండి బండికీ పాకి చివరన ఉన్న నాగూర్ వలి దాకా వెళ్లింది. కళ్లు తుడుచుకోవడానికి ప్రేమ్‌చంద్ ఎడం చెయ్యెత్తాడు. అది కెప్టెన్ సైగ అనుకుని వెనక ఏడుగురూ చెయ్యెత్తారు.

వెనక్కి చూసిన బక్క మనిషి ఆ ఎత్తిన చేతులు చూసి "ఓరి నాయనో" అని కేకేశాడు.

"అన్నా, ఈ వాటర్ ట్యాంకు ఇందాక చూశాం!"

"అది వేరే ట్యాంకు. అన్నీ ఒకేలా కడతారు."

"కింద అదే గేదె ఉంది!"

"గేదెలూ ఒకేలా ఉంటాయి. నోరు మూసుకుని రా."

మూడోసారి గేదె కనపడ్డాక టీవీయస్ ఒక్క ఊపున ఊళ్లోకి దూరింది. కోళ్లు ఎగిరాయి. ఎవరో ముసలమ్మ చీపురు విసిరింది. ఏదో గేటు వచ్చింది. టీవీయస్ గేట్లోకి పోయింది. కన్నీళ్లతో ఏమీ కనపడని ప్రేమ్‌చంద్ కూడా పోయాడు. ముందు బండి పోయాక మిగతావి ఆగవు.

కళ్లు తుడుచుకుని చూస్తే అది పోలీస్ స్టేషన్.

బక్క మనిషి బండి పడేసి, మెట్ల మీదున్న ఎస్సై కాళ్లు రెండూ వాటేసుకున్నాడు. "అయ్యా, నా పేరు పేరయ్య. ఈ టిక్కీలు కల్లంలోంచి ఎత్తుకొచ్చింది నేనే. లోపలెయ్యండయ్యా! వీళ్లు ఆ కల్లం రైతు పంపిన మనుషులు, వీళ్ల చేతికి మాత్రం నన్నివ్వకండయ్యా!"

ఎస్సై ఎనిమిది బులెట్లనీ చూశాడు. "ఎవరయ్యా మీరు?"

ప్రేమ్‌చంద్ హెల్మెట్ తీసి, జాకెట్ సర్దుకుని ముందుకొచ్చాడు.

"గుంటూరు నుంచండి. సరదాగా టూరుకొచ్చాం. వీణ్ణి చూడగానే నాకు అనుమానమొచ్చిందండి. కావాలనే దాటకుండా వెంటపడ్డాను."

"ఈ డొంకల్లో తప్పిపోలేదా?"

"భలేవారే! ఇక్కడి డొంకలన్నీ నాకు కంఠతా వచ్చండి. కళ్లు మూసుకుని తోలేస్తాను."

సాయిగణేష్ మొహం పాలిపోయింది. "అన్నా, నీకు దారి తెలీదనుకున్నాను. తప్పయిపోయింది" అన్నాడు. నాగూర్ వలి ఈల వేశాడు. ఎస్సై సోడాలు తెప్పించాడు. ప్రేమ్‌చంద్ రెండు తాగాడు. ఇక ఈ జన్మకి ఆ జాకెట్ తనదే.

పేరయ్యని లోపలేసి, ఆ కల్లం ఏ ఊళ్లో ఉందో కనుక్కుని ఎస్సై టోపీ పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"దేవుడల్లే దొరికారండీ. స్టాఫంతా బందోబస్తుకి పోయారు. నేనేమో ఈ ఊరొచ్చి రెండ్రోజులు కాలేదు. వీణ్ణి తోడు తీసుకెళ్తే దారి తప్పిస్తాడు. ఆ కల్లం దాకా ముందు మీ బండి పోనివ్వండి, వెనకే నా జీపు వస్తుంది."