ముందు వచ్చినవి

హన్మయ్య మొరం మట్టి ట్రాక్టరును గుంట గట్టు మీదే ఆపించాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కమలకుమారి మేడం నాచారం నుంచి పనిగట్టుకుని వచ్చి, జూలై ఎండలో నిలబడి బతిమాలుతుంటే ఆపకేం చేస్తాడు!

నారపల్లిలో అతనికి తండ్రి మిగిల్చింది నూటయాభై గజాలు. అంచులు తప్ప అదంతా ఈ వానగుంటే. పూడిస్తేగానీ రెండు గదులు లేవవు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ముప్పయ్యేళ్లు చేసినా, అతనూ భార్య నర్సమ్మా ఇప్పటికీ ఉప్పల్లో అద్దె గదిలోనే ఉన్నారు.

కమలకుమారి గాజుసీసాతో గుంటనీళ్లు ముంచి చూపించింది. గోరంత రొయ్యలు వెల్లకిలా ఈదుతున్నాయి.

"ఇవి ఇంకెక్కడా మిగల్లేదు హన్మయ్యగారూ. గుంట ఎండినా గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. వాన పడగానే పిల్లలవుతాయి. ఇది పూడిస్తే ఆ జాతే ఉండదు."

హన్మయ్య సీసా ఎత్తి చూశాడు.

"చిన్నప్పటి సంది గీ గుంటలనే బర్లను కడిగిన. ఒక్కనాడు గివి కండ్లవడలేదమ్మ."

కమలకుమారి సీసా వెనక్కి తీసుకుంది.

"మీరు గమనించి ఉండరు" అంది, అతని మొహంలోకి చూడకుండా.

"నిజమే. బర్ల ఎన్క ఉరుకుడే సరిపాయె." తప్పు తనదే అన్నట్టు నవ్వాడతను.

గుంట పూడ్చనని అధికారులకు రాసివ్వాలని రాగానే అతనికి చెప్పింది. ఆ కాగితం ఆమె సంచిలోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. ఉన్నమాట చెబితే ఈ మనిషికి ఇల్లు లేస్తుంది, రొయ్యలు పోతాయి. గుంట పూడ్చబోతున్నారని విన్నప్పటి నుంచి, నెలరోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

చివరికి అతనే చెయ్యి చాపాడు.

"కాగితం ఇయ్యమ్మ. ఫికర్ జెయ్యకు, నర్సమ్మకు నేను జెప్పుకుంట. మా తాతల కంటె ముందుగాల వచ్చినయి గివి. ముందు వచ్చినోళ్లదే గద జాగ."

సంతకం పెట్టి, ట్రాక్టరును వెనక్కి తిప్పమని కేకేశాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

"అయ్యో, నాకెందుకమ్మ దండం!" అని కంగారుపడ్డాడు హన్మయ్య.

నాలుగేళ్ల కిందట, నాచారంలో ఈ రొయ్యలున్న ఆఖరి గుంటను తన ఇంటి పునాది కోసం పూడ్పించే ముందు, దాని అడుగుమట్టిని బకెట్‌లో తెచ్చి ఎవరూ చూడకుండా ఇక్కడ పోసింది కమలకుమారే.