పేరు పెట్టని సౌండు

"బాబూ, అది తీసెయ్యకు."

ఆల్విన్ ఉలిక్కిపడి తలెత్తాడు. కీబోర్డు పక్కన ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో.

కువైట్‌లోని సాల్మియాలో ఓ బిల్డింగు కింద చర్చిగా వాడే బేస్‌మెంట్ హాలు అది. శుక్రవారం పొద్దున తెలుగువాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మలయాళీలది. పాత కీబోర్డు మాస్టరు కెనడా వెళ్ళిపోవడంతో మొన్నమొన్ననే ఆ కుర్చీ ఆల్విన్‌కి దక్కింది. వారమంతా సెల్‌ఫోన్ల షాపులో కస్టమర్లకు తలొంచే మనిషి, శుక్రవారం కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం మహారాజే. వేళ్ళు మంచివి. చెవి ఇంకా మంచిది. నోరే కాస్త దురుసు.

ఆవేళ ఆరాధనకు ముందు కొత్త సౌండు ఎక్కించబోతే, మెమరీ నిండిపోయిందంది కీబోర్డు. ఏదో ఒకటి తీసేస్తేగాని చోటు లేదు. వెతికితే అన్నిటికంటే అడుగున ఒకటి కనిపించింది. చేసినవాడు దానికి పేరు కూడా పెట్టలేదు.

మీట నొక్కి చూశాడు. ఎవరో ఆడమనిషి "ఆ..." అంటున్న గొంతు. వెనకాల ఏసీ మోత కూడా పడింది.

"ఏది తీసెయ్యొద్దు ఆంటీ? ఇదా?"

ఆవిడ తలూపింది.

"ఉంచు బాబూ. బాగుంటాది," అంది గుసగుసగా.

ఆవిడ మాటెప్పుడూ అంతే. జాబ్రియాలో ఓ అరబ్బుల ఇంట్లో పని. వచ్చిందంటే స్పీకర్ పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. పాటలప్పుడు పెదాలు కదుపుతుంది గాని గొంతు విప్పదు. మండే ఎండల్లోనూ మెడ చుట్టూ చున్నీ తియ్యదు. పనింట్లో 'మామా' అని పిలిచే యజమానురాలి దగ్గర అణిగి మణిగి ఉండీ ఉండీ ఇలా అయిపోయింది కాబోలు అనుకునేవాడు ఆల్విన్.

"ఏసీ మోత వినబడట్లేదా ఆంటీ? ఎవరో తెలిసీ తెలియక చేశారు."

"జోనాథన్ బాబు చేశాడయ్యా. అది..."

"ఆ జోనాథన్ ఎవరో గాని, ఎడిటింగ్ చేతకాదు ఆయనకి. కీబోర్డు సంగతి నాకొదిలేసి మీరెళ్ళి కూర్చోండి."

ఆవిడ ఇంకేదో అనబోయింది. ఈలోపు పాట మొదలుపెట్టమని వేదిక దగ్గర్నుంచి సైగ చేశారు. ఆవిడ వెళ్ళి కూర్చుంది.

ఆరాధన అయ్యాక ఆల్విన్ ఆ గొంతు ఉన్న చోటులోనే కొత్త కోరస్ సౌండు పెట్టాడు. ఎకో పెంచాడు, కీచుదనం తగ్గించాడు, ముద్దుగా ఓ పేరు కూడా పెట్టాడు. సేవ్ చెయ్యబోతే, పాతది పోతుంది, సరేనా అని అడిగింది కీబోర్డు. పాపం, అడగాలని దానికి తోచింది గాని మనవాడికి తోచలేదు. సరే అని నొక్కేశాడు.

మరుసటి శుక్రవారం ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"ఎల్లిపోతన్నాను బాబూ. ఇఖామా ఖలాస్, ఇక్కడుండే కాయితం అయిపోయింది. రేపే ఫ్లైటు."

"మంచిది ఆంటీ. ఏ ఊరు?"

"పాలకొల్లు అవతలండి."

ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది.

"ఆ సౌండు ఒక్కసారి వాయించవా? ఫోన్లో పట్టుకుంటాను. మా మనవరాలికి వినిపిత్తానని మాటిచ్చాను."

ఆల్విన్‌కి నవ్వొచ్చింది.

"అదింకెక్కడిది ఆంటీ! తీసేశా. దాని తాతలాంటిది పెట్టాను, వినండి."

కొత్త కోరస్ వాయించాడు. హాలంతా మోగింది. ఆవిడ చివరిదాకా వింది. ఫోను మాత్రం పైకెత్తలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది.

"బాగుంది బాబూ," అంది. "పర్లేదులే."

ఆ 'పర్లేదులే' తర్వాత ఆల్విన్‌ని ఎంత కాల్చుకు తిన్నదో అతనికే ఎరుక.

సంఘపెద్ద పాల్‌రాజు ఊళ్ళో సెలవు ముగించుకుని ఆ పై వారం వచ్చాడు. కువైట్‌లో సంఘమంటే బస్‌స్టాపే కదా, ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటారు, దిగేవాళ్ళు దిగుతుంటారు. పాతవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే.

"ఒరే ఆల్విన్, జోనాథన్ పెట్టిన ఆ గొంతు ఓసారి వాయించరా. విని చాన్నాళ్ళయింది."

"తీసేశానంకుల్."

"తీసేశావా? కాపీ పెట్టుకున్నావా?"

"లేదంకుల్. బాలేదని..."

పాల్‌రాజు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎంత పని చేశావురా నాయనా!"

"ఎవరిదంకుల్ అది?"

"మొన్న ఊరెళ్ళిపోయిన ఎలీసమ్మదిరా. ఒకప్పుడు ఈ హాల్లో పాట ఎత్తుకునేది ఆవిడే. మైకు అక్కర్లేదు. పైనుండే ఈజిప్టువాళ్ళు కూడా మెట్లు దిగొచ్చి తలుపు దగ్గర నిలబడి వినేవాళ్ళు. తర్వాత గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌కి ముందు, అప్పట్లో కీబోర్డు వాయించే జోనాథన్ ఇక్కడ కూర్చోబెట్టి, 'ఆ' అనిపించి, ఇందులో దాచాడు. ఏడుస్తూ చేశాడు పిచ్చోడు, పేరు పెట్టడం కూడా మర్చిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ పాటల్లో అదే వాయించేవాళ్ళు. అప్పట్లో ఆవిడ ఫోను కూడా మామా దగ్గరే ఉండేది. ఆ గొంతు ఇంకెవరి దగ్గరా లేదురా."

ఆల్విన్ చేతులు కీబోర్డు మీదనుంచి తీసేశాడు.

"తప్పయిపోయిందంకుల్. ఆవిడ నంబరివ్వండి. కాళ్ళు పట్టుకునైనా మళ్ళీ పాడిస్తాను. ఏసీ మోత కూడా లేకుండా నేనే ఎక్కిస్తాను."

పాల్‌రాజు స్పీకర్ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీవైపు చూశాడు.

"ఇంకేం పాడుద్దిరా ఎలీసమ్మ? ఆపరేషనయ్యాక గుసగుస తప్ప ఏమీ రాకపోతే, తన గొంతు తను వినాలనే కదా ఇన్నాళ్ళూ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నది."